బండి దిగని బాబుగారితో కోనసీమ

కోనసీమ వెళ్ళొచ్చానని చెప్పగానే అందరూ అక్కడి అందాల గురించి అడుగుతున్నారు. ఉండే ఉంటాయి. నేను పెద్దగా చూడలేదు. వెళ్ళిన దగ్గర్నుంచీ నా చూపంతా నేలమీదే. ఎక్కడ గుంట, ఎక్కడ రాయి, ఎక్కడ పేడ అన్నదే నా ధ్యాస. మూడేళ్ళు నిండబోతున్న కొడుకుని తోపుడుబండిలో కూర్చోబెట్టుకుని ఊళ్ళు తిరిగే మనిషికి ప్రకృతి సౌందర్యం మోకాలెత్తు దాకానే కనిపిస్తుంది.

ముందు ఆ బండి సంగతి చెప్పాలి. మా వంశీ పుట్టినప్పుడు మా చెల్లెలు సుజాత భర్త కువైట్ నుంచి పంపాడు. నీలం గుడ్డ, మడిస్తే గొడుగులా ముడుచుకునే ఇనప కాళ్ళు, చిన్న చిన్న చక్రాలు. హైదరాబాదులో మా వీధిలో అలాంటిది ఇంకోటి లేదు. కూరగాయలమ్మే అతను కూడా తన బండి ఆపి మా బండి చక్రాలు చూసి వెళ్ళేవాడు. వంశీ నెలల పిల్లాడిగా దాంట్లోకి ఎక్కాడు, ఇంతవరకూ దిగలేదు. ఇంట్లో మంచం మీంచి దూకుతాడు, కిటికీ ఊచలు పట్టుకుని వేలాడతాడు. గడప దాటితే మాత్రం మహారాజు. బండి ఉంటే బండి, లేకపోతే రెండు చేతులూ పైకెత్తి "ఎత్తుకో". ఇప్పుడు కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి, కాళ్ళు నేలకి రాసుకుంటున్నాయి. ఆగాలనిపిస్తే మడమలు నేలకి ఆనించి బ్రేకు వేస్తాడు. వెనక నేను ముందుకు తూలిపడతాను.

ఎత్తుకుందామంటే నా నడుము సహకరించదు. బరువులెత్తవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. పిల్లలు బరువుల కిందకి వస్తారా రారా అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

అలాంటి సమయంలో సుజాత ఎస్.టి.డి. బూత్ నుంచి ఫోన్ చేసింది. తనకి పాప పుట్టి మూడు నెలలైంది. ఆ మాటా ఈ మాటా అయ్యాక, "వంశీ ఇంకా ఆ బండిలోనే తిరుగుతున్నాడా అక్కా?" అంది. అడిగీ అడగనట్టు అడిగిన ఆ ప్రశ్న నాకు అర్థమైంది. బడికి వేసవి సెలవులిచ్చారు. నేను టీచర్ని కాబట్టి నాకూ సెలవులే. పాపని చూసి, బండి అక్కడ దించేసి, కొడుకుని నడిపించుకుని తిరిగి రావాలని బయల్దేరాను. మా ఆయన స్టేషన్లో రైలెక్కిస్తూ, "బండి వదిలేస్తాడనే అనుకుంటున్నావా?" అని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. పంతం పట్టుకుంది.

కోటిపల్లి రేవు

మాది కడప జిల్లా. కువైట్లో మా చిన్నాన్న, రాజోలు వైపు కుర్రాడొకడు ఒకే గదిలో ఉండేవాళ్ళు. ఆ కుర్రాడి వంట తిని మా చిన్నాన్న మురిసిపోయి సుజాతని ఇచ్చి పెళ్ళి చేయించాడు. అలా మాకు గోదావరితో బంధుత్వం కలిసింది. సుజాత పెళ్ళయ్యాక నేను ఆ ఊరు వెళ్ళడం ఇదే మొదలు.

కాకినాడలో రైలు దిగి, బస్సులో కోటిపల్లి చేరాను. అక్కడ గోదావరి దాటాలి. యానాం వైపు వంతెన ఇంకా పూర్తికాలేదు. ఎండాకాలం కదా, నీళ్ళు ఎక్కడో దూరంగా ఉన్నాయి, మధ్యలో ఇసుక. మా ఊళ్ళో యేరంటే ఇసుకే. అందులో చెలమ తవ్వితే నీళ్ళు. ఇక్కడ ఇసుక దాటితే మళ్ళీ అన్ని నీళ్ళా అని నోరు తెరుచుకుని నిలబడ్డాను. మనుషులు నడవడానికి తాటాకులు పరిచారు. తాటాకు మీద మనిషి నడుస్తాడు, కువైట్ బండి నడవదు. చక్రాలు ఇసుకలో కూరుకుపోయాయి.

"దిగు నాన్నా, కొంచెం నడుద్దాం."

"నువ్వు తొయ్యి" అన్నాడు వంశీ.

ఇద్దరు పడవవాళ్ళు ఇది చూసి పరిగెత్తుకొచ్చారు. "మీరుండండమ్మా" అంటూ చెరోవైపు పట్టుకుని, వంశీతో సహా బండిని పైకెత్తి భుజాల ఎత్తున మోసుకుపోయారు. వాడు పల్లకీలో పెళ్ళికొడుకులా దారినపోయేవాళ్ళకి చెయ్యి ఊపాడు. వెనక నేను సంచులు మోసుకుంటూ నడిచాను. డబ్బులివ్వబోతే ఒకతను రెండడుగులు వెనక్కి వేసి, "ఈ పనికి కూడానా అండి!" అన్నాడు. ఎంత మర్యాద అనుకున్నాను.

దాటించేదాన్ని పంటు అంటారు. రెండు పడవలు జోడించి పైన బల్లలు పరిచిన తేలే అరుగు అది. మనుషులు, సైకిళ్ళు, ఒక జీపు, రెండు గేదెలు ఎక్కాయి. అంత ఒత్తిడిలోనూ మా బండి చుట్టూ ఖాళీ వదిలారు. నీడ ఉన్న వైపు మాకిచ్చి వాళ్ళు ఎండలో నిలబడ్డారు. వంశీ పక్కన బక్కపల్చటి పెద్దావిడ ఒకరు కూర్చున్నారు. పేరు వెంకాయమ్మగారు. ద్రాక్షారామంలో ఉన్న కూతుర్ని చూసి ఊరికి తిరిగి వెళ్తున్నారట.

"ఎక్కడికండి అమ్మాయిగారూ తవరు?"

చెప్పాను. ఆవిడ ముఖం వెలిగిపోయింది. "ఆయ్, సుజాతమ్మ అక్కగారా! మాది ఆ వీధేనండి." తర్వాత వంశీ వైపు తిరిగి, "బాబుగారికి ఎన్నేళ్ళండి?" అన్నారు.

మూడు నిండబోతున్నాయన్నాను. ఆవిడ వాడి కాళ్ళ వైపు చూశారు. వాడి మోకాళ్ళ మీద చెయ్యి వేసి నిమురుతూ, "ఎక్కడికెళ్ళినా ఇలా బండిలోనేనా అండి?" అన్నారు.

"ఏం చెయ్యమంటారు పిన్నిగారూ, వేరే దారి లేదు. నేను ఎత్తుకోలేను" అన్నాను. ఇందులో ఒక్క మాట అబద్ధం లేదు.

ఆవిడ కళ్ళు మూసుకుని ఏదో అనుకున్నారు. పైటకొంగు చివర ముడి వేసుకున్నారు. టిక్కెట్టు చిల్లర కట్టుకుంటున్నారు కాబోలనుకుని, నేను గోదావరిని చూస్తూ కూర్చున్నాను.

అమలాపురంలో ఒక పూట

ముక్తేశ్వరం వైపు దిగి అమలాపురం బస్సెక్కాం. కండక్టరు స్వయంగా బండి అందుకుని డ్రైవరు వెనక పెట్టించాడు. ముందు సీట్లో ఉన్న పెద్దమనిషి లేచి, "బాబుగారిని ఇక్కడ కూర్చోబెట్టండి" అన్నాడు. ఆయన వయసు మా నాన్న వయసు. మొహమాటపడితే, "నాకేవండి, కాళ్ళున్నాయి" అన్నాడు. ఎంత వినయం అనుకున్నాను.

చెల్లెలికి చీర కొనాలి కాబట్టి ఆ రోజు అమలాపురంలో లాడ్జిలో ఆగాను. వెంకాయమ్మగారు రాజోలు బస్సెక్కి వెళ్ళిపోయారు. వెళ్తూ వంశీ తల మీద చెయ్యి పెట్టి, "నేను చూసుకుంటానండి" అన్నారు. ఏం చూసుకుంటారో నాకు తెలియలేదు. బహుశా ఇక్కడ వెళ్ళొస్తానని అలా చెబుతారేమో అనుకున్నాను.

హోటల్లో పెసరట్టు ఉప్మా తిన్నాను. మేము అట్టు వేరుగా, ఉప్మా వేరుగా తినే జాతివాళ్ళం. అట్టు కడుపులో ఉప్మా పెట్టి, పైన అల్లం చట్నీ పోసి తినడం ఎవరు కనిపెట్టారో గాని వాళ్ళకో దణ్ణం. కారం మాత్రం మాకు సరిపోదు, చట్నీలో బెల్లం తగిలింది. వంశీకి ఇడ్లీ, పాలు. డబ్బులిస్తుంటే హోటలాయన వాడి పాలకీ ఇడ్లీకీ తీసుకోలేదు. "బాబుగారి దగ్గరా అండి, వద్దండి" అంటూ చేతులు జోడించాడు. బయట కొబ్బరి బోండాలమ్మే అతను హైదరాబాదులో పది రూపాయలయ్యే బోండాన్ని మూడుకే ఇచ్చాడు. పైగా లేత కొబ్బరి గీరి వాడి నోట్లో పెట్టాడు.

మర్నాడు పొద్దున్నే బండారులంక వెళ్ళాను. ఇంటింటా మగ్గం చప్పుడే. ఆకుపచ్చకి ఎర్ర అంచు చీర ఒకటి నచ్చింది. బేరం ఆడటం మా రక్తంలో ఉంది. ఆడబోయాను. నేసే ఆయన నేను చెప్పిన ధరకే తలూపేశాడు! గెలిచిన సంతోషం కూడా మిగల్లేదు. చీర మడత పెడుతూ ఆయన గొంతు తగ్గించి, "కాకినాడలో ఎముకల డాక్టరుగారు ఒకరున్నారండి, చాలా మంచి హస్తవాసి. ఓసారి చూపించండి" అన్నాడు. అప్పుడు నేను నడుము మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉన్నాను. చూడగానే నా నడుము నొప్పి కనిపెట్టాడే అని ఆశ్చర్యపోయాను. "తగ్గుతుందంటారా?" అన్నాను. "దేవుడున్నాడండి" అన్నాడు. ఆయన భార్య నా చెయ్యి పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నడుము నొప్పికి ఇంతగా కరిగిపోయే మనుషుల్ని నేనెక్కడా చూడలేదు.

రాజోలు బస్సెక్కేసరికి కోనసీమ మర్యాదల మీద హైదరాబాదులో అందరికీ ఏం చెప్పాలో వాక్యాలు కూడా కూర్చుకున్నాను. మా వైపు మనుషులు మంచివాళ్ళే గాని మాట కరుకు, ఇక్కడ మాటా మెత్తనే, మనసూ మెత్తనే, అంటూ.

కాలువ గట్టు

సుజాత వాళ్ళది రాజోలు దాటాక కాలువ గట్టున ఉన్న చిన్న ఊరు. ఒకటే వీధి. ఇటు చివర వాళ్ళిల్లు, అటు చివర అమ్మవారి గుడి. మేము చేరేసరికి వంశీ బండిలో నిద్రపోతున్నాడు. తల ఒక పక్కకి వాలిపోయింది, కాళ్ళు రెండూ వేలాడుతున్నాయి. వీధిలో ఆడవాళ్ళంతా అరుగుల మీద నిలబడి ఉన్నారు. ఒక్కరూ పలకరించలేదు. మా వెనకే నెమ్మదిగా నడిచి వచ్చారు.

సుజాత చంటిపిల్లని భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. నన్ను చూడగానే భోరుమంది. "నాకొక్క మాటైనా చెప్పలేదేం అక్కా! నేను పరాయిదాన్నైపోయానా?"

"ఏం చెప్పాలి?"

"బండి కావాలని నోరు జారాను చూడు, నా నోరు పడిపోను. ఆ బండి నాకొద్దు. వాడికే ఉండనీ."

వాళ్ళత్తగారు నా రెండు చేతులూ పట్టుకున్నారు. "ఊరుకోండమ్మాయ్. ఈ రోజుల్లో మంచి మంచి వైద్యాలొచ్చేయి. వెంకాయమ్మ నిన్న బస్సు దిగుతూనే చెప్పింది. వీధిలో ఎవరికీ ముద్ద దిగలేదండి."

నాకు ఒక్కొక్కటే అర్థమవడం మొదలైంది. పడవవాళ్ళు, ముందు సీటు, ఇడ్లీ, పాలు, బేరమాడనివ్వని చీర, ఎముకల డాక్టరు. రెండు రోజులుగా నేను అనుభవించిన మర్యాదంతా నా కొడుక్కి కాళ్ళు పడిపోయాయనుకుని చేసింది! మా కడపలో అయితే ఈపాటికి ఎవరో ఒకరు దారికడ్డం నిలబడి, "ఏమ్మా, పిల్లోడికి కాళ్ళకేమైంది?" అని అడిగి ఉండేవాళ్ళు. "ఏమీ కాలేదు, పొగరు" అని నేను చెప్పి ఉండేదాన్ని. అక్కడితో అయిపోయేది. ఇక్కడ అడిగితే నేను బాధపడతానని ఒక్కరూ అడగలేదు.

చెప్పబోతుండగానే వంశీకి మెలకువ వచ్చింది. పెరట్లోంచి బాతుల గుంపొకటి వీధిలోకి వెళ్తోంది. వాడు కళ్ళు నులుముకుని, బండి దిగి, వాటి వెనక పడ్డాడు. బాతులు గోల చేస్తూ కాలువలో దూకాయి. ఇంకో అడుగు వేస్తే వాడూ దూకేవాడే. నేను నడుము సంగతి మర్చిపోయి పరిగెత్తి చొక్కా పట్టుకున్నాను. వెనక్కి తిరిగి చూస్తే వీధంతా బొమ్మల కొలువులా నిలబడి ఉంది.

ముందు నవ్వింది సుజాత అత్తగారు. అరుగు మీద కూలబడి, పొట్ట పట్టుకుని, "అయ్య బాబోయ్, రాత్రంతా ఏడిచేనండి నేను!" అంటూ కళ్ళు తుడుచుకున్నారు. అందరూ అందుకున్నారు. వెంకాయమ్మగారు వచ్చి వంశీ పిక్కలు నొక్కి నొక్కి చూశారు. ఆవిడ నవ్వుతూనే ఉన్నారు, కళ్ళనీళ్ళు కారుతూనే ఉన్నాయి. అందరికీ భోజనాలు వడ్డించారు. ఆవిడ మాత్రం ఆకు ముందు కూర్చోలేదు. మజ్జిగ ఒక్కటి తాగి లేచారు.

అమ్మవారికి ఇచ్చిన మాట

పంటు మీద ఆవిడ వేసుకున్నది చిల్లర ముడి కాదు, మొక్కు ముడి. బాబు తన కాళ్ళ మీద వీధి ఈ చివర నుంచి అమ్మవారి గుడి దాకా నడిచొచ్చే వరకూ అన్నం ముట్టనని మొక్కుకున్నారు.

"కాళ్ళు బాగానే ఉన్నాయి కదండీ, ఇంక మొక్కేమిటి?" అన్నాను.

గుడి పూజారిగారిని పిలిపించారు. ఆయన ఆలోచించి, "కాళ్ళు బాగైతే అని మొక్కలేదు కదండి. నడిచొస్తే అని మొక్కేరు. నడిచొస్తే తీరిపోద్దండి. ఎంతసేపండి!" అన్నారు. గుడి అక్కడి నుంచి కనిపిస్తూనే ఉంది. నిజమే, ఎంతసేపు!

ఎంతసేపో వాళ్ళకి మా వంశీ చూపించాడు.

ఆ సాయంత్రమే వాణ్ణి వీధిలో నిలబెట్టాం. రెండు చేతులూ పైకెత్తాడు. "ఎత్తుకో." ఒకరు తాటిముంజలు చూపిస్తూ ముందు నడిచారు. వాడు నాలుగడుగులు వేసి, ముంజలు తిని, కూర్చున్నాడు. మళ్ళీ ముంజలు, మళ్ళీ నాలుగడుగులు. సగం వీధి దాటాక పొట్ట నిండింది. ఏడుపు లంకించుకున్నాడు. చెట్లెక్కి కొబ్బరి దింపు తీసి వస్తున్న ఒకాయనకి ఈ గొడవేదీ తెలియదు. "అయ్యో, పసివాణ్ణి ఏడిపిస్తున్నారేవండీ" అంటూ వాణ్ణి ఎత్తుకుని భుజాన వేసుకున్నాడు. వీధంతా ఒక్కసారిగా "ఆఁ!" అంది. మళ్ళీ మొదటి నుంచి నడవాలన్నారు పూజారిగారు.

మర్నాడు బండి అటక మీద దాచేశాం. వాడు గుమ్మంలో బోర్లా పడుకుని కాలువ అవతలి ఊరికి వినపడేలా ఏడ్చాడు. మధ్యాహ్నం దాకా గుమ్మం దాటలేదు. ఆ పూటా వెంకాయమ్మగారు రెండు అరటిపళ్ళు, మజ్జిగతో సరిపెట్టారు. ఆ ఆకలితోనే మా అందరికీ పనసపొట్టు కూర వండారు. ఆవపెట్టిన ఆ కూర ఘాటు ముక్కుకెక్కుతుంటే ఎంత తింటున్నానో చూసుకోకుండా తిన్నాను. తల ఎత్తితే ఆవిడ గోడకి చేరబడి కూర్చుని ఉన్నారు. లేవబోయి తూలి మళ్ళీ కూర్చున్నారు. నేను ఆకు ముందు నుంచి లేచిపోయాను.

నాకు కోపం వచ్చింది. నా కొడుకు మీద, నా మీద, ఆవిడ మీద కూడా. కోపం వస్తే నాకు మా ఊరి మాట వచ్చేస్తుంది. పెరట్లో గిన్నెలు సర్దుతున్న ఆవిడ దగ్గరికి వెళ్ళి, "ఏంటికి మొక్కినారు పిన్నిగారూ? మమ్మల్ని ఒక్క మాట అడిగినారా? అడిగింటే ఇదంతా ఉండేదే కాదు గదా!" అన్నాను.

ఆవిడకి కోపం రాలేదు. "అడిగితే మీ మనసు కష్టపడుద్దనండి."

"మొక్కితే మొక్కినారు. కొబ్బరికాయ కొడతామని మొక్కకూడదా? అన్నమే మానుకోవల్లా?"

"మా ఊళ్ళో కొబ్బరికాయకి ఏం విలువుందండి! డబ్బులు మొక్కుదామంటే లేవు. బంగారం కూతురి పెళ్ళిలో అయిపోయింది. నాదంటూ ఉన్నది రెండు పూటలా తినే అన్నమేనండి. అదే ఇచ్చేను."

వాణ్ణి ఆవిడ చూసింది పంటు మీద ఒక్కసారి. నేను వాడి తల్లిని, ఏ దేవుడికీ ఒక పూట తిండి మొక్కిన పాపాన పోలేదు. "రేపు వాడు నడుస్తాడు పిన్నిగారూ. ఈడ్చుకునైనా తీసుకొస్తా" అన్నాను.

"ఈడ్చకండి అమ్మాయిగారూ" అన్నారు ఆవిడ కంగారుగా. "ఈడిస్తే లెక్కలోకి రాదండి. పాపం కూడాను."

వీధి ఈ చివర నుంచి ఆ చివరకి

మూడో పొద్దున సుజాత పాపకి నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసి, ఎక్కడ పడుకోబెట్టాలో తెలియక అటూ ఇటూ చూసింది. అటక మీంచి బండి దించాను. గుడ్డ దులిపి, పాత చీర మడత పరిచి, పాపని అందులో పడుకోబెట్టాం. ఆ క్షణంలో వంశీ వసారాలోకి వచ్చాడు.

వాడు బండి చుట్టూ తిరిగాడు. పాప ముఖం చూశాడు. పాప కాళ్ళు చూశాడు. అవి బండి సగం దాకా కూడా రావడం లేదు. తన కాళ్ళు చూసుకున్నాడు.

"పాపకి నడక రాదా?" అన్నాడు.

"రాదు నాన్నా."

"నేను తోస్తా" అన్నాడు. వెనక్కి వెళ్ళి, చేతులు పైకి చాపి పిడి అందుకుని, ఒక్క తోపు తోశాడు. బండి వసారా దాటి వీధిలోకి వచ్చేసింది.

సుజాత అత్తగారు గొడుగు అందుకుని, "మనవరాలండీ, నా మనవరాలండీ" అంటూ పరిగెత్తి, బండి పక్కన వంగి నడుస్తూ ఎండ తగలకుండా గొడుగు పట్టారు. నేను వెనక, సుజాత ముందు. క్షణంలో వీధంతా తెలిసిపోయింది. అందరూ అరుగులు దిగి వచ్చారు. అందరి ముఖాలూ వెలిగిపోతున్నాయి. ఒక్కటే చిక్కు. వాడు గుడి వైపు కాకుండా రెండో వైపు తోసుకుపోతున్నాడు.

ఎవరైనా పిలిస్తే ఆగిపోతాడని భయం. అందుకని ఎవరూ పిలవలేదు. ఊరేగింపులాగా వాడి వెనకే కాలువ వంతెన దాకా వెళ్ళాం. దారిలో ఒక కోడిపిల్ల దగ్గర ఆగాడు, అందరం ఆగాం. గడ్డిమోపు దగ్గర ఆగాడు, ఆగాం. వంతెన మీద గేదె ఒకటి అడ్డంగా నిలబడి నెమరువేస్తోంది. వంశీ దాన్ని చూశాడు, అది వంశీని చూసింది. వాడు ఆలోచించుకుని బండి తిప్పమన్నట్టు నా వైపు చూశాడు. బండి తిప్పితే తోడు పట్టినట్టవుతుందేమోనని నేను పూజారిగారి వైపు చూశాను. "బండి తిప్పొచ్చండి. బాబుని ముట్టుకోకండి" అన్నారాయన.

తిరిగి వచ్చేటప్పుడు ఎండ ముదిరింది. వాడి ముఖం ఎర్రబడింది, చొక్కా తడిసిపోయింది. సుజాత వాళ్ళింటి ముందుకి రాగానే వేగం తగ్గింది. ఇక్కడే ఆగుతాడు, చేతులు పైకెత్తుతాడు అనుకున్నాను. నా చేతులు వాటంతటవే ముందుకెళ్ళాయి. బలవంతాన వెనక్కి కట్టుకున్నాను. లోపల పాప కుంయ్ మంది. వాడు వంగి, "వచ్చేశాం పాపా, వచ్చేశాం" అన్నాడు. సరిగ్గా నేను వాడితో అనే మాటే. మళ్ళీ తోశాడు.

గుడి ముందు వెంకాయమ్మగారు మెట్టు మీద కూర్చుని ఉన్నారు. లేవడానికి ఓపిక లేదు కాబోలు, కూర్చునే చేతులు జోడించారు. బండి మెట్లెక్కదు. వంశీ దాన్ని సుజాతకి అప్పగించి, చేతులూ కాళ్ళూ ఆనించి ఒక్కో మెట్టూ ఎక్కాడు. గుంపులో ఎవరో, "చేతులు కూడా వాడేరండి బాబుగారు" అన్నారు అనుమానంగా.

"ఆ మెట్లు నేనూ అలాగే ఎక్కుతానండి, మోకాళ్ళ నొప్పులు" అన్నారు పూజారిగారు. హారతి ఇచ్చేశారు.

వెంకాయమ్మగారికి సుజాత వాళ్ళ వసారాలోనే అరిటాకు వేశారు. అన్నం, ముద్దపప్పు, నెయ్యి, కొత్తావకాయ, గడ్డపెరుగు. పాప బండిలో నిద్రపోయింది. వీధి వీధంతా చుట్టూ నిలబడింది. ఆవిడ కొంగు ముడి విప్పుకున్నారు. అన్నం కలిపి, ముద్ద నోటి దాకా తెచ్చి ఆగిపోయారు.

"అందరూ ఇలా చూస్తుంటే ముద్ద దిగదండి" అన్నారు సిగ్గుపడిపోతూ.

"ఆయ్" అన్నారు అందరూ, ఒకే గొంతుతో. అంటూనే ఆవిడకి వీపులు పెట్టి కాలువ వైపు తిరిగిపోయారు. పూజారిగారు, సుజాత అత్తగారు, దింపు తీసే ఆయన, అందరూ ఆ కాలువని కొత్తగా తవ్వినట్టు చూస్తూ నిలబడ్డారు. నేనూ తిరిగాను.

మా వంశీకి మాత్రం మర్యాద ఇంకా పట్టుబడలేదు. ఆకు ముందే నిలబడి ఆవిడ నోట్లోకి చూస్తున్నాడు. నాకు మాటలు వినిపిస్తున్నాయి.

"బాగుందా?"

"చాలా బాగుందండి బాబుగారూ. కూర్చోండి. కాళ్ళు నొప్పెడతాయి."

"కూచోను."

నేను ఆగలేక వెనక్కి తిరిగి చూశాను. సంతోషంగా ఉంది. ఏడుపూ వస్తోంది. ఆవిడ పప్పన్నం అయ్యాక పెరుగన్నం కలుపుకున్నారు, చివరి మెతుకు దాకా తిన్నారు, ఆకు మడిచారు. అంతసేపూ వాడు నిలబడే ఉన్నాడు. ఒక్కసారి కూడా నా వైపు చేతులు చాపలేదు.